ఆగే తేదీ చెప్పండి, నాటే పంట మేం చూసుకుంటాం

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. తుంగభద్ర దిగువ కాలువ చివరి భూముల్లో మాత్రం నీళ్లకు పల్లం కూడా తెలియదు. పైనున్న మడులన్నీ తడిసి, పైనున్న మోటార్లన్నీ తాగి, మిగిలితేనే మా పల్లానికి వస్తాయి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఎల్.ఎల్.సి. కింద ఎకరం, రెండెకరాలు వరి పెట్టుకునే ఏ రైతునడిగినా ఈ మాటే చెబుతాడు.

ఏటా జులైలో ఒక సంబరం ఉంటుంది. హోస్పేట డ్యాం నిండుతోందని, కాలువకు నీళ్లు వదిలారని కబురొస్తుంది. ఊళ్లో నారుమళ్లు దున్నుతారు. విత్తనాల అంగడి ముందు జనం గుమిగూడుతారు. ఆ సంబరంలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "నీళ్లు ఎప్పుడొస్తాయి?" నేనూ పాతికేళ్లుగా అదే అడిగాను. ఇప్పుడు అనిపిస్తోంది, మనం అడగాల్సింది అది కాదని. అడగాల్సింది, "నీళ్లు ఎప్పుడు ఆగుతాయి?" అని. దానికి జవాబు తెలియకనే చిన్న రైతు మునుగుతున్నాడు.

పొట్ట మీద ఎండిన పైరు

నా సంగతే చెబుతాను. నాకున్నది రెండున్నర ఎకరాల నల్లరేగడి, ఒక డిస్ట్రిబ్యూటరీ చివరన. 2015 ఖరీఫ్‌లో తుంగభద్రకు వరద సరిగా రాలేదు. అయినా కాలువ పారింది కదా అని అందరితో పాటు నేనూ ఎకరన్నరలో సోనా నాటాను. మా దగ్గరకు నీళ్లొచ్చేసరికే ఆగస్టు సగం దాటింది. పైరు బాగా దుబ్బు కట్టింది. పొట్టకొచ్చే వేళకు కాలువ సన్నగిల్లింది. లస్కరు కనబడితే అడిగాను:

"ఏమన్నా, ఇంగ ఎన్నాళ్లు ఇడుస్తారు నీళ్లు?"

"పైనోళ్లు నాకేం చెప్పలేదన్నా. వచ్చినన్నాళ్లు వస్తాయి."

తప్పు అతనిది కాదు. అతనికే తెలియదు. పది రోజులు రాత్రిళ్లు కాలువ గట్టు మీద కాపలా పడుకున్నాం. పైన తూము దగ్గర గొడవలు పడ్డాం. వెన్నులో పాలు పట్టేనాటికి మడి నెర్రెలిచ్చింది. చివరకు చేతికొచ్చింది తాలు, గడ్డి. ఆ ఏడు మా ఇంట్లో మనుషులు కూడా సుగ్గికి పోయారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. కాలువ కింద పొలం ఉండీ సుగ్గికి పోవడమంటే ఎంత నామోషీయో మా ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర లేదు.

నీళ్లు లేకపోవడం ఒక్కటే అయితే దానికి ఓర్చుకునేవాణ్ని. ఈ ప్రాంతానికి కరువు కొత్త కాదు. కానీ నీళ్లు ఫలానా తేదీకి ఆగుతాయని జులైలోనే తెలిసుంటే నేను సోనా నాటేవాణ్ని కాదు. అరెకరం తక్కువ కాలం వరి పెట్టి, మిగతాది శనగకు ఉంచుకునేవాణ్ని. నన్ను ముంచింది కరువు కంటే ఎక్కువగా తేదీ తెలియకపోవడం.

లెక్క వేస్తే తేలేదేమిటి?

బి.పి.టి. 5204, మనం సోనా అనేది, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన రకం. అన్నం సన్నగా ఉంటుంది, మిల్లు వాడు అడిగి తీసుకుంటాడు. కర్నూలు సోనా బియ్యమంటే హైదరాబాదులో కూడా పేరు. కాని దాని పంటకాలం 145 నుంచి 150 రోజులు. ఆగస్టు 20న నారు పోస్తే కోత జనవరి 17 దగ్గర పడుతుంది. కోతకు పది పన్నెండు రోజుల ముందుదాకా మడిలో తడి ఉండాలి. అంటే జనవరి మొదటి వారం దాకా కాలువ పారాలి. పైగా ఆలస్యమైన సోనా చలిలో పూత తీస్తుంది, తాలు ఎక్కువవుతుంది. అగ్గితెగులు, సుడిదోమ సంగతి వేరే చెప్పాలా?

అదే ఆగస్టు 20న 120-125 రోజుల రకం పోస్తే డిసెంబరు 23 నాటికి కోతకొస్తుంది. డిసెంబరు రెండో వారం దాకా నీళ్లుంటే చాలు. తేడా పాతిక రోజులు. చివరి భూమి రైతుకు ఆ పాతిక రోజులే ప్రాణం. ఎం.టి.యు. 1010 గానీ, సన్న గింజ కావాలంటే ఆర్.ఎన్.ఆర్. 15048 గానీ ఈ కోవలోవే. రేటు సోనా అంత పలకకపోవచ్చు. అయితే ఎండిన సోనా కంటే పండిన 1010 మేలు కదా!

ఇక కౌలు లెక్క. మన వైపు గుత్త మూటల్లోనే మాట్లాడుకుంటారు. ఎకరాకు 30 మూటలు పండుతుందని, అందులో పది మూటలు గుత్తకు పోతుందని అనుకుందాం. 2025-26కు సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. అంటే 75 కిలోల మూట సుమారు రూ.1,777. గుత్త పోగా మిగిలే 20 మూటలకు రూ.35,540. దుక్కి, విత్తనం, నాటు, ఎరువు, మందు, కోత మిషను బాడుగ అన్నీ ఇందులో నుంచే. ఇప్పుడు చివరి రెండు తడులు అందక 18 మూటలే అయ్యాయనుకోండి. గుత్త తగ్గదు. మిగిలేది ఎనిమిది మూటలు, రూ.14,216. దిగుబడి తగ్గింది నూటికి నలభై. కౌలు రైతు చేతికొచ్చే రొక్కం తగ్గింది నూటికి అరవై. ఖర్చు మాత్రం పైసా తగ్గలేదు. వడ్డీ వ్యాపారి దగ్గరకు దారి ఇక్కణ్నుంచే మొదలవుతుంది.

కాలువలో ఉన్నదెంత?

ఆవేశంతో కాక నిజం మాట్లాడుకుందాం. ఎల్.ఎల్.సి. ముందు కర్నాటకలో పారి, ఆ తర్వాతే మన గడ్డ మీదకు వస్తుంది. మొదటి 250 కిలోమీటర్లు తుంగభద్ర బోర్డు చేతిలో ఉంటాయి. కర్నూలు జిల్లాలో దీని కింద ఆయకట్టు సుమారు 1.51 లక్షల ఎకరాలు. కాలువ వాడకానికి బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో మనకున్నది 24 టి.ఎం.సి.లు. ఒక టి.ఎం.సి.తో వరి అయితే ఐదారు వేల ఎకరాలు, ఆరుతడి అయితే పది వేల ఎకరాలు పండుతాయని లెక్క. ఆయకట్టు మొత్తం వరి పెడితే 25 నుంచి 30 టి.ఎం.సి.లు కావాలి. దారిలో ఇంకే, ఆవిరయ్యే, తోడుకునే నీళ్లు దీనికి అదనం. కాబట్టి 24 టి.ఎం.సి.లూ పూర్తిగా వచ్చినా అందరూ వరి పెట్టడం కుదరదు. అందుకే ఆయకట్టులో ఎక్కువ భాగాన్ని మొదట్నుంచీ ఆరుతడికే కేటాయించారు.

పైన వాళ్లు వరి పెట్టేకొద్దీ కింద వాళ్లకు తడి కరువు. ఇది మన ఒక్కరి కథ కాదు. అదే డ్యాం ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు ప్రాంతంలో కూడా జొన్న, పత్తి లాంటి పంటలకని ఉద్దేశించిన నేలలో వరి విస్తరించింది. కోస్తా నుంచి వెళ్లి క్యాంపులు వేసుకున్న మన తెలుగు రైతులే అందులో ముందున్నారు. ఫలితంగా అక్కడా రాయచూరు వైపు చివరి రైతు ఎండుతున్నాడు. పైన రైతు దుర్మార్గుడని నేననను. అతనికీ అప్పుంది, అతనికీ తేదీ తెలియదు. రేపు వస్తాయో రావో తెలియని నీటిని ఇవాళే మడి నిండా పెట్టుకుంటాడు. ఆ స్థానంలో మీరున్నా, నేనున్నా అదే చేస్తాం. వంతు ఖాయమని నమ్మకం కుదిరితే సగం దొంగతనం దానంతట అదే తగ్గుతుంది.

డ్యాం సంగతి కూడా తెలిసిందే. మొదట్లో 133 టి.ఎం.సి.లు పట్టే జలాశయం పూడిక పేరుకుని 105.78 టి.ఎం.సి.లకు దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. కన్నయ్యనాయుడు గారి లాంటి అనుభవజ్ఞుల సాయంతో వారం రోజుల్లో స్టాప్‌లాగ్ దించి నీళ్లు నిలబెట్టారు. ఆ వారం ఆయకట్టు కింద ఎవరికీ కంటి మీద కునుకు లేదు. 2025 ఖరీఫ్‌లో పాత గేట్లకు భయపడి నిల్వను 80 టి.ఎం.సి.ల దగ్గరే కట్టడి చేశారు. గేట్లన్నీ మార్చే పనుల కోసం 2025-26లో రెండో పంటకు నీళ్లివ్వకూడదని నిర్ణయించారు. నష్టమే అయినా, అందులో ఒక మంచి ఉంది. ముందే చెప్పారు. చెప్పారు కాబట్టి నారు పోసి నష్టపోయే పని తప్పింది. ముందే 'లేవు' అని చెప్పడం కూడా రైతుకు చేసే మేలే.

వరి మానుకోమనే వాళ్లకు

"నీళ్లు లేని చోట వరెందుకు? మానుకోండి" అని సభల్లో చెప్పేవాళ్లున్నారు. మాట తేలిక. చిన్న రైతు ఇంట్లో వరి అంటే గింజలొక్కటే కాదు. ఇంటి తిండికి నాలుగు మూటలు, ఎద్దులకు, బర్రెకు ఏడాది గడ్డి, ఆడవాళ్లకు నాట్లలో, కలుపులో నాలుగు వారాల కూలి. ఈ మెట్ట ప్రాంతంలో ఎండాకాలం గడ్డి రేటు ఎక్కడికి పోతుందో పశువులున్న వాళ్లకు తెలుసు. మన తాతలు జొన్న రొట్టె, కొర్రన్నం తిన్నారు, నిజమే. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక పల్లెల్లో తిండి మారింది, చేలల్లో పంటా మారింది. ఇప్పుడు రైతునొక్కణ్నే వెనక్కి పొమ్మంటే ఎట్లా?

పత్తి పెట్టుకోమంటారు. పత్తికి గులాబీ పురుగు. మిరప పెట్టుకోమంటారు. ఎకరా మిరపకు పెట్టే పెట్టుబడి చిన్న రైతు ఎక్కణ్నుంచి తెస్తాడు? ఉల్లి పెట్టిన వాళ్లు రేటు లేక దున్నేసిన ఏళ్లూ చూశాం. వరికి ఒక గుణముంది: పండితే అమ్ముడుపోతుంది, అమ్ముడుపోకుంటే తినొచ్చు. అందుకే చిన్న రైతు దాన్ని వదలడు. కాబట్టి నా అభిప్రాయం ఏమిటంటే, వరి మానొద్దు. వరి మీదే అంతా ఒడ్డొద్దు.

మన చేతిలో ఉన్న పనులు

ఒకటి, భూమిని రెండుగా చూసుకోవాలి. తూముకు దగ్గరగా, నీళ్లు ఎక్కే కయ్యలోనే వరి. రెండెకరాలున్న వాడు ముప్పావు, ఎకరం దాటొద్దు. మిగతాది మొక్కజొన్న, కంది, జొన్న, ఏది తోస్తే అది, ఒక తడి తప్పినా బతికేది.

రెండు, ఒక గీత గీసుకోవాలి. ఆగస్టు ఆఖరుకు మడిలో దమ్ముకు సరిపడా నీళ్లు నిలవకపోతే ఆ ఏడు వరి ఆశ వదులుకోవాలి. నల్లరేగడిని అట్లే పదునుకు ఉంచి అక్టోబరులో శనగ వేయొచ్చు. జె.జి. 11 లాంటి రకాలు మిగిలిన తేమతోనే గట్టెక్కుతాయి. సెప్టెంబరులో ముదిరిన నారు పీకి "పోనీలే, పెట్టి చూద్దాం" అని నాటిన వరి మూడొంతులు అప్పు కిందకే పోతుంది. తప్పనిసరై ముదురు నారు నాటితే కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి, దగ్గర దగ్గర నాటుకోవాలి.

మూడు, నీళ్లు నిలగట్టే అలవాటు తగ్గించాలి. 2003లో మన రాష్ట్రంలో శ్రీ వరి మొదలైంది. మడగాస్కర్‌లో పుట్టిన పద్ధతి. ఎకరాకు రెండు కిలోల విత్తనం, 8-12 రోజుల లేత నారు, పాతిక సెంటీమీటర్ల ఎడం. కూలీల ఇబ్బంది, కలుపు బాధ వల్ల మన వైపు నిలబడలేదు. కాని అందులోని అసలు మాట నిలబెట్టుకోవాలి: వరి నీళ్లలో బతుకుతుంది గానీ నీళ్లే దాని తిండి కాదు. పైరు నిలదొక్కుకున్నాక, ఒక అడుగు పొడవున్న పి.వి.సి. గొట్టానికి బెజ్జాలు పెట్టి సగం మడిలో పాతుకోండి. గొట్టంలో నీళ్లు నేల మట్టం కంటే జానెడు లోపు దిగేదాకా తడి పెట్టనక్కర లేదు. పూత దశలో మాత్రం పలుచగా నీళ్లు నిలపాలి. ఒక జాగ్రత్త: మన రేగడి నెర్రెలిస్తే పెట్టిన నీళ్లన్నీ పాతాళానికే పోతాయి. నెర్రె విచ్చకముందే తడి పడాలి.

నాలుగు, డిస్ట్రిబ్యూటరీకి ఒకటే రకం, ఒకటే వారంలో నారు. ఒకడు సోనా, ఇంకొకడు 1010, మరొకడు నెల తర్వాత వెద పెడితే కాలువ ఎప్పుడు ఆపినా ఎవడో ఒకడు ఎండుతాడు. దోమ కూడా ఒక మడి నుంచి ఇంకో మడికి తిరుగుతూనే ఉంటుంది. పెద్ద తూము దగ్గర పదిమంది కలిసి ఒకేచోట నారుమడి పోసుకుంటే తొలి నీళ్లకే నారు సిద్ధంగా ఉంటుంది, విత్తనం ఖర్చూ తగ్గుతుంది.

ఐదు, గుత్త మాట మార్చాలి. మూటల గుత్త కాక, నీళ్లు ముందే ఆగితే తగ్గించే షరతు, లేదా పాలుకు చేసుకోవడం. భూమి గల ఆసామి కూడా మన ఊరివాడే. వాన్లో తడిసినా, ఎండలో ఎండినా అంతా కౌలుదారుడి మీదే వేయడం న్యాయం కాదు. 2011 చట్టంలో కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇచ్చారు. 2019 చట్టం 11 నెలల కార్డుకు యజమాని సంతకం కావాలంది. ఆ సంతకం దగ్గరే చాలామంది ఆగిపోయారు. ఆసాములు భయపడొద్దు. కార్డుతో భూమి పోదు. ఈ-పంటలో పేరు మాత్రం సాగుచేసే వాడిదే ఎక్కాలి. లేకుంటే వడ్లు అమ్మేటప్పుడు, నష్టం రాసేటప్పుడు కష్టపడినవాడు బయట నిలబడతాడు.

అడగాల్సిన పని ఒకటే

తమిళనాడులో కావేరి డెల్టా రైతులకు మెట్టూరు డ్యాం జూన్ 12న తెరుస్తారు, జనవరి 28న మూస్తారు. ఏళ్ల తరబడి వస్తున్న ఆనవాయితీ అది. నీళ్లు చాలని ఏడు జూన్ 12 తప్పుతుంది, నిజమే. కాని తప్పిందని ఊరూరా తెలుస్తుంది, తెలిశాక రైతు మరో దారి చూసుకుంటాడు. మనకు అసలు తప్పడానికే ఒక తేదీ లేదు.

సాగునీటి సలహా మండలి సమావేశం ఏటా జరుగుతుంది. ఫలానా రోజు నీళ్లు వదులుతామని మరుసటి రోజు పేపర్లో వస్తుంది. అక్కడే మన ప్రతినిధులు, అధికారులు ఇంకో మూడు మాటలు చేర్చాలి. మొదటిది, ఏ డిస్ట్రిబ్యూటరీకి ఏ తేదీ దాకా నీళ్లు. రెండోది, వంతులు పెడితే ఏ వారం ఎవరిది. మూడోది, డ్యాంలో నీళ్లు తగ్గి ఆ తేదీ మారాల్సి వస్తే కనీసం నెల ముందు చాటింపు. ఈ మూడూ ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద సున్నం వేసి పెద్ద అక్షరాలతో రాయాలి. దీనికి కోట్లు అక్కర లేదు. ఒక డబ్బా రంగు, ఒక కుంచె, మాట మీద నిలబడే మనసు చాలు.

నీళ్లు ఎన్ని వస్తాయో ముందే ఎట్లా చెప్పగలమని ఇంజనీర్లు అనొచ్చు. వరద దేవుడి చేతిలో ఉంది, ఒప్పుకుంటాం. కాని ఆగస్టు ఆఖరుకు డ్యాంలో ఎంతుందో, మన వాటా ఎంతో బోర్డుకు తెలుస్తుంది. ఆ రోజుకు చేతిలో ఉన్న నీళ్లకు సరిపోయే తేదీ చెప్పండి. ఆ తర్వాత వానలు పడి తేదీ పొడిగిస్తే దండం పెడతాం. పొడిగిస్తారేమోనన్న ఆశ మీద సోనా నాటించడం మాత్రం వద్దు.

1997లో రైతుల నీటి యాజమాన్య చట్టం వచ్చినప్పుడు కాలువ మనదైందని సంబరపడ్డాం. 2024 డిసెంబరులో మళ్లీ నీటి సంఘాల ఎన్నికలు జరిగాయి. అధ్యక్షులు, డైరెక్టర్లు ఉన్నారు. సంఘమంటే పూడికతీత కాంట్రాక్టు ఒకటే అనుకుంటే మళ్లీ పాత కథే. నీళ్లు రాకముందే పిల్ల కాలువల్లో జమ్ము తీయించడం, చివరి తూము దగ్గర ఎన్ని అంగుళాలు పారుతోందో రోజూ రాసి పెట్టడం, వంతు తప్పిన వాణ్ని, వాడు ఏ పార్టీ వాడైనా, నిలదీయడం, ఇవీ సంఘం చేయాల్సిన పనులు. సంఘంలో ఒక్క డైరెక్టరైనా కచ్చితంగా చివరి భూముల వాడై ఉండాలని ప్రతి ఊరూ పట్టుబట్టాలి. తోకకు దప్పికైతే తలకెట్లా తెలుస్తుంది?

ఈ ఖరీఫ్‌కు ముందు ఒక పని చేయండి. మీ డిస్ట్రిబ్యూటరీ కింద పదిమంది కలిసి ఒక తెల్ల కాగితం మీద ఒక్క ప్రశ్న రాసి సంతకాలు పెట్టండి: "మా తూముకు నీళ్లు ఏ తేదీ దాకా ఇస్తారు?" ఆ కాగితం సంఘం అధ్యక్షుడికి ఒకటి, ఇంజనీరు ఆఫీసులో ఒకటి ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. జవాబు వచ్చేదాకా సోనా విత్తనం మూట విప్పొద్దు. తేదీ తెలిస్తే, దానికి ఏ రకం సరిపోతుందో, ఎన్ని కుంటలు నాటాలో మా ఇళ్లల్లో ఆడవాళ్లకు కూడా నోటి లెక్కే. అది తెలియకపోతే ఎంత పెద్ద రైతైనా చీకట్లో విత్తనం చల్లినట్టే.